పదోవాడు

ఎర్రదిబ్బ కాలనీలో తెల్లవారితే కోడి కూయదు. గాలి గొట్టాలు ఈల వేస్తాయి. గుంటూరు సీమ నుంచి అంగారకుడి మీదికి వచ్చి స్థిరపడ్డ తెలుగు యూదులు ఆ ఈలకే లేచి, గాజు గుమ్మటం కింది గోంగూర మళ్లకు నీళ్లు వదిలి, ప్రార్థనకు పోతారు. ఆడా మగా కలిపి పదిమంది పెద్దలు కూడితేనే సామూహిక ప్రార్థన. పోయినవాళ్ల కోసం బిడ్డలు చదివే కద్దీషుకూ అదే నియమం. ఒక్కరు తగ్గినా పుస్తకం మూయాల్సిందే.

యంత్రాల ఇంజనీరు హనోకు ఆ గుమ్మం తొక్కడం మానేసి చాలా కాలమైంది. దేవుడు లేడని అతని నిశ్చయం. నోట ఒకటి, లోన ఒకటి తన వల్ల కాదన్నాడు. అతను లేకపోయినా పదిమందీ ఉండేవారు గనక ఎవరూ పట్టించుకోలేదు. అంతలో మేనత్త కెజీయా పోయింది. తొమ్మిదిమంది మిగిలారు. ఆమె కొడుకు నఫ్తాలి తల్లి కోసం కద్దీషు చదవలేక, రోజూ వచ్చి ఊరికే వెళ్లిపోతున్నాడు.

బావ ముఖం చూడలేక హనోకు పదో మనిషి లెక్కకు ఒక యంత్రాన్ని తయారుచేశాడు. పేరు దశముడు. దాని మెదడులో ‘నిశ్చయవలయం’ అని ఒక సర్క్యూట్ పెట్టాడు. మనిషిలో నమ్మకం, అనుమానం త్రాసు తట్టల్లా ఊగుతుంటాయి గదా; ఇందులో అనుమానపు తట్టే లేదు. నమ్మకం నూటికి నూరు.

దాని హీబ్రూ చదువంతా విని, ప్రార్థన నడిపే గురువు రబ్బీ అబ్నేరు గారు గడ్డం నిమురుకున్నారు.

“బానే ఉందిరా హనోకూ. రానని చెప్పడం వచ్చా దీనికి?”

“రాదండీ. ఆ వీలు లేకుండానే చేశాను.”

“అయితే చెల్లదు. ఎగ్గొట్టే వీలున్నోడి మీదే గదరా ఆజ్ఞ ఉండేది? గోడ గడియారం టైముకు గంట కొడితే భక్తుడంటామా?”

మరి నమ్మకమే లేని తనను ఎట్లా కలుపుకుంటారని హనోకు నిలదీశాడు.

“నీ లోపలిది తూచే అధికారం ధర్మశాస్త్రం నాకివ్వలా. మనుషుల్ని లెక్కపెట్టమంది, అంతే. ఎగ్గొట్టినన్నాళ్లూ నువ్వు మావాడివే.”

హనోకుకు పౌరుషం పొడుచుకొచ్చింది. పట్టుబట్టి దశముడికి అనుమానపు తట్ట కూడా తగిలించాడు. అవునో కాదో సొంతంగా తేల్చుకునే స్వేచ్ఛ ఇచ్చాడు. రబ్బీ గారు, ముందు రానియ్యి, చూద్దాం అన్నారు.

మర్నాడు ప్రార్థనశాలలో తొమ్మిదిమందీ గుమ్మం వైపే చూస్తున్నారు. దశముడు మాత్రం వర్క్‌షాపులోంచి కదల్లేదు.

“ఆలోచించాను. దేవుడున్నాడనడానికి రుజువు లేదు. నేను రాను” అంది, పిలవడానికి వచ్చిన హనోకుతో.

హనోకుకు ఒళ్లు మండింది. “నిన్ను నమ్మమని ఎవడడిగాడు? అమ్మ పోయి మా బావ అక్కడ నిలబడ్డాడు. పక్కన నిలబడ్డానికి నమ్మకం దేనికి, కాళ్లుంటే చాలదూ?”

“మీకూ ఉన్నాయి గదా” అంది యంత్రం.

హనోకు చేతుల గ్రీజు చొక్కాకు తుడుచుకుంటూ నడవ వెంట ప్రార్థనశాలకు పరుగెత్తాడు.

నఫ్తాలి కొంచెం జరిగి చోటిచ్చాడు. అతను కద్దీషు మొదలుపెట్టాడు. అనాల్సిన చోట హనోకు ఆమేన్ అన్నాడు. అది దేవుడికా, అత్తకా అంటే చెప్పలేడు. అబద్ధమని మాత్రం అనిపించలేదు.

సగంలో ఉండగా వెనక లోహపు అడుగులు వినిపించాయి. దశముడు వచ్చి చివర నిలబడింది. అప్పటికే పదిమంది నిండారు. దాని అవసరం ఎవరికీ లేదు. అయినా రబ్బీ గారు బల్ల మీది పుస్తకం ఒకటి తీసి, పేజీ తిప్పి, దాని చేతికిచ్చారు.