చిహారు మాట రాసిన కార్డు

"ఇవి నా మాటలే కదా, సొగాబె గారూ?"

చిహారు చేతిలో నా కార్డు ఉంది. తడిసిన నా కోటు దులిపి తగిలిస్తుంటే జేబులోంచి జారిందట. నా పైప్రాణాలు పైనే పోయాయి.

మేం జపాన్‌వాళ్లం ఇంగ్లిషు మాటను తెచ్చుకున్నామంటే అది అత్తారింటికొచ్చిన కోడలే, ఇంటిపేరు మారినట్టు అర్థం మారిపోతుంది. కన్నింగ్ అంటే మాకు పరీక్షలో కాపీ కొట్టడం. ఇలాంటివి ఎక్కడ వినబడినా తేదీ, చోటు, అన్న మనిషి వయసుతో సహా కార్డు మీద రాసి నిఘంటువు ఆఫీసులో ఇవ్వడం నా ఉద్యోగం. చిహారు పనిచేసే ఈ కాఫీ కొట్టుకి అందుకే వస్తున్నానని ఏడాదిగా నాకు నేనే అబద్ధం చెప్పుకుంటున్నాను.

ఆమె పైకి చదివింది. "'అమ్మ అస్థికలు ఏరేటప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. నేను డ్రై.' అర్థం: మనసు కరగని మనిషి. బాగుందండీ! నా అనుకుని చెప్పుకుంటే మీకు సరుకు దొరికిందన్నమాట."

"అలవాటు... చెయ్యి ఊరుకోలేదు. తప్పే."

"మా అన్నయ్య కన్నింగ్ చేసి దొరికిపోయాడని చెప్పాను. అదీ రాశారా?"

"రాశాను. ఇచ్చేశాను కూడా."

"మరి ఇది ఏ పేజీలో వేస్తున్నారు?"

"ఇది ఇవ్వలేదు. నెలగా జేబులోనే ఉంది."

"ఏం, దస్తూరి బాగోలేదా?"

బయట జూన్ వాన విసుగు లేకుండా కురుస్తోంది. కొట్టులో మేమిద్దరమే ఉన్నాం.

"ఇస్తే, మీరు అలాంటి మనిషేనని నేను ఒప్పుకున్నట్టే కదా. నేను నమ్మలేదు చిహారు గారూ. ఆ మాట అంటూ మీరు కడిగిన కప్పునే నాలుగుసార్లు కడిగారు. అది రాయడానికి కార్డులో గడి లేదు."

ఆమె గిరుక్కున అటు తిరిగింది. భుజాలు కదిలాయి. అమ్మ పోయిన మూడు నెలలకి, అప్పుడు ఏడ్చింది.

నాకు బుద్ధుంటే నోరు మూసుకునేవాణ్ని. "మీరంటే నాకు ఇష్టం," అనేశాను.

"ఇదా సమయం!" ఏప్రన్‌లో మొహం దాచుకునే అంది. "ఇప్పుడు జవాబు అడక్కండి. ముందు మా అమ్మ కోసం ఏడవనివ్వండి."

"వెళ్లిపోనా?"

"వెళ్లమన్నానా?"

ఇంకెవరూ లోపలికి రాకుండా తలుపుకి గడియ పెట్టి వచ్చాను. ఆమె ఏడ్చినంతసేపూ పక్కన నిలబడి కప్పులు తుడిచాను.