తోక మొదట్లో కొవ్వు

మంగళవారం ఉదయం ఏడింటికి వెటర్నరీ ఇన్‌స్పెక్టర్ యోస్ట్ లామోట్ ఇంటి ముందు కారు తలుపు తెరిచాడు. మూడు తూటాలు. మూడోది అవసరం లేదు. అతని చేతిలోని రక్తం శాంపిల్ సీసాలు రాళ్ల మీద పడి పగిలాయి.

యోస్ట్‌ని పాతిపెట్టిన రోజునే ఏజెంట్ వానెస్ దెప్రేకి బ్రస్సెల్స్ నుంచి పిలుపు వచ్చింది.

“సరిహద్దు అవతలి ముఠా మన ఆవులకి దొంగచాటుగా గ్రోత్ హార్మోన్ పొడిపిస్తోంది,” అన్నాడు చీఫ్. “సూది పడ్డ ఆవు మేతలోని ప్రోటీన్‌ని వదులుకోదు, కండ చేసుకుంటుంది. రక్తంలో యూరియా పడిపోతుంది. కొవ్వు కరిగిపోతుంది. యోస్ట్ అది పట్టుకున్నాడు, పోయాడు. అతని బదులు హోడెలీవ్ అనే ఆవిడ వస్తోంది. గురువారం పది గంటలకి డిక్స్‌మ్యూడె పశువుల సంతలో ఆవుల రక్తం తీస్తుంది. ఆవిడ బతికి ఇంటికెళ్లాలి.”

“యోస్ట్ నా స్నేహితుడు సార్.”

“తెలుసు. నిన్ను పంపకూడదనే అనుకున్నా. కానీ ఈ ఆఫీసులో ఆవు మొహం చూసినవాడు నువ్వొక్కడివే.”

వానెస్ తండ్రి పశువుల బేరగాడు. బేరగాళ్లు వేసుకునే నీలం చొక్కా తొడుక్కుంటే వానెస్‌కి వేరే మారువేషం అక్కర్లేదు. చేతికర్ర మాత్రం కొత్తది. కొనలోని సూది చుక్క రక్తం పీల్చి పిడిలో దాచిన కాగితం మీద వేస్తుంది. యూరియా మామూలుగా ఉంటే కాగితం పచ్చబడుతుంది, హార్మోన్ ఆవైతే తెల్లగానే ఉండిపోతుంది. ఆ కాగితాలు చేసిచ్చింది మార్లేన్. ముఠా ల్యాబ్‌లో కెమిస్టుగా ఉంటూ, వాళ్ల రహస్యాలు బ్రస్సెల్స్‌కి చేరవేస్తున్న మనిషి.

గురువారం సంతలో నక్కతోలు కాలరు కోటుతో, ఎర్రటి పెదవులతో మార్లేన్ అతని పక్కకి వచ్చి నిలబడింది.

“వెన్న కరిగిందా?” అన్నాడు వానెస్.

“ఉప్పేశాం, కరగదు.” కోడ్ సరిపోయింది. “నాలుగో దొడ్డి. ఆరు ఎర్రావులు. ఇన్‌స్పెక్టరమ్మని నేరుగా అక్కడికే పంపు.”

“చంపేవాడు?”

“రాలేదు. భయపడి ఉంటాడు.”

వానెస్ నాలుగో దొడ్డి కంచె సందులోంచి ఒక ఆవుని కర్రతో పొడిచాడు. కాగితం తెల్లగానే ఉంది. ఇంకో ఆవు. అదీ తెల్లనే. అతను టోపీ తీశాడు. అవతలి గేటు దగ్గర ఆ సైగ కోసమే చూస్తున్న హోడెలీవ్ సూదులు, సీసాలతో దొడ్డిలోకి నడిచింది.

కంచెకి ఆనుకుని నిలబడ్డ ముసలి బేరగాడు సిల్వేర్ గొణిగాడు. “ఏంట్రా, కర్రతో పొడిచి పోవడమేనా? చెయ్యి వెయ్యవా? మీ నాన్నుంటే తల దించుకునేవాడు.”

ఆ సంతలో తోక మొదట్లో కొవ్వు ఎంతుందో వేలితో నొక్కి చూడకుండా ఏ ఆవు గురించీ ఎవరూ నోరు విప్పరు. అలవాటు కొద్దీ వానెస్ చెయ్యి వేశాడు. బొటనవేలు దిగబడింది. చర్మం కింద మెత్తగా, మందంగా కొవ్వు.

హార్మోన్ పడ్డ ఆవుకి ఇంత కొవ్వు ఎక్కణ్ణించి వస్తుంది? వేలు తప్పు చెప్పదు. అబద్ధం కాగితానిదే, దాన్ని చేసిన మనిషిదే.

తోక కింది నరంలోంచి రక్తం తీయడానికి హోడెలీవ్ వంగి మూడో ఆవు తోక ఎత్తుతోంది. ఆమె వెనక పేడ ఎత్తే మనిషి బకెట్లోంచి, కబేలాలో పశువుల తలలోకి ఇనుప మేకు దించే తుపాకీ తీశాడు. దాని గొట్టం ఆమె మెడకి బెత్తెడు దూరంలో ఉంది.

వానెస్ కంచె దూకాడు. కర్ర వాడి మణికట్టు మీద పడి ఎముక విరిగింది. తుపాకీ కిందికి తిరిగి పేలి, ఇనుప మేకు వాడి తొడలోకే దిగింది. వాడు అరుస్తూ పడ్డాడు. బెదిరిన ఆవు ఒకటి తన్నిన తన్నుకి దవడ పగిలి ఆ అరుపూ ఆగింది.

అంతలో వానెస్ భుజంలోంచి తూటా దూసుకుపోయింది. గేటు దగ్గర మార్లేన్, చేతిలో చిన్న పిస్టల్.

“యోస్ట్‌ని కాల్చిందీ నేనే,” అంది, టైమెంతో చెప్పినంత మామూలుగా. “కదలకు.”

హోడెలీవ్ మాత్రం కదిలింది. ఇనుప గేటుని బలంకొద్దీ తోసింది. గేటుకీ స్తంభానికీ మధ్య మార్లేన్ చెయ్యి నలిగింది, పిస్టల్ పేడలో పడింది. వానెస్ ఆమెని నేలకేసి కొట్టి గొంతు పట్టుకున్నాడు. చంపాలనే ఉంది. యోస్ట్ ఇంటి ముందు పగిలిన సీసాలు తప్ప ఇంకేమీ కనబడటం లేదతనికి.

“వదలండి,” అంది హోడెలీవ్. “ఈవిడ కోర్టులో మాట్లాడాలి. ఎవరి ఆవులకి పొడిచారో యోస్ట్ కనుక్కున్నాడు. అది రుజువు కాకపోతే ఆయన ఊరికే పోయినట్టు.”

వేళ్లు ఒక్కొక్కటిగా వదిలాడు. పోలీసులు పరిగెత్తుకొచ్చి మార్లేన్‌కి బేడీలు వేస్తుంటే, పక్కనున్న ఐదో దొడ్డిలోకి వెళ్లి మిగిలిన మంచి చెయ్యి ఒక ఆవు తోక మొదట్లో వేశాడు. తొడల నిండా కండ. వేళ్ల కింద మాత్రం చర్మం, ఎముక.

“ఇవే,” అన్నాడు.

హోడెలీవ్ తోక ఎత్తి సూది గుచ్చింది. సీసా నిండుతుంటే తలెత్తకుండానే అంది.

“కాస్త అవతలికి జరుగుతారా? మీ రక్తం ఇందులో పడితే, రేపు కోర్టులో వాళ్ల లాయరు ఆవుని వదిలేసి మీకు హార్మోన్ ఎవరు పొడిచారని అడుగుతాడు.”