గేటు దగ్గర మోగిన గంట

ఆ నీళ్ళలో నీలం వెలుగుంది. దీపం లేదు, మంట లేదు, పొగ లేదు. కదలని నీటి అడుగున, వాడేసిన అణు ఇంధనం చుట్టూ, ఎవరో కళ్ళు తెరుచుకుని పడుకున్నట్టు ఒక నీలిమ. మూతపడబోతున్న బొగ్గు విద్యుత్ కేంద్రం నుంచి శిక్షణకు వచ్చిన యువ ఇంజనీరు మంత్రం వేసినట్టు ఇనుప కమ్మీ మీదికి వంగాడు.

"జేబులో పెన్ను తీసి అవతల పెట్టి రండి," అంది వెనక నుంచి ఒక చల్లని గొంతు. "అది నీళ్ళలో పడితే వెతకాల్సింది నేను."

ఉలిక్కిపడి తిరిగాడు. రేడియేషన్ అధికారిణి. కళ్ళజోడు జారిపోకుండా దారంతో మెడకు కట్టుకుని, చేతిలో మీటరుతో నిలబడి ఉంది.

"ఇంత నిశ్శబ్దంగా ఉంది. ఇక్కడ మనుషులు కూడా ఉంటారా?"

"ఉంటారు. పొగ లేని చోట మనుషుల్ని చూడటం మీకు అలవాటు లేదేమో."

ఆ మాట ముల్లులా దిగింది. దాన్ని తీయించుకోవాలని అతనికి ఆ తరవాత ఎన్నడూ అనిపించలేదు. ఆమె అతనికి బూడిద ఇంజనీరని పేరు పెట్టింది. క్యాంటీనులో రోజూ వాదులాడుకున్నారు. ఎండా గాలీ చాలవా అని అతను అడిగితే, అవీ కావాలనీ, గాలి పడిపోయిన సాయంత్రం ఊరంతటికీ కరెంటు ఇచ్చేదెవరో చెప్పమనీ ఆమె అడిగింది. వేలికొసంత ఇంధనపు బిళ్ళ దాదాపు టన్ను బొగ్గు చేసే పని చేస్తుందని లెక్క వేసి చూపింది. చివరికి అతను అణు చెత్త సంగతి ఎత్తాడు.

"మా చెత్త ఎక్కడుందో మాకు తెలుసు. వాడేసిన ఏ ఇంధనపు కడ్డీ ఏ మూల ఉందో కూడా తెలుసు. మీ చెత్త ఎక్కడుందండీ?"

అతనికి చిమ్నీల నీడలో ఉన్న తన ఇల్లూ, కిటికీ గట్టు మీద ప్రతి ఉదయం కొత్తగా పరుచుకునే బూడిదా, దాన్ని తుడుస్తూ దగ్గే తల్లీ కళ్ళముందు మెదిలారు.

వాదనలు పెళ్ళి మాటల దాకా వచ్చాక, ఆ తల్లే ఇప్పుడు అడ్డు. ఆ అణు రియాక్టరు గుమ్మటంలో పనిచేసే పిల్ల ఒంట్లో కంటికి కనిపించని విషం ఉంటుందనీ, మనవలు ఎలా పుడతారోననీ ఆమె తేల్చేసింది. పలకరించడానికి వచ్చిన అమ్మాయి చెయ్యి చాస్తే, తన చేతులు రెండూ శాలువాలో దాచుకుంది. ఊపిరి తీసే పొగను చుట్టంలా భరించి, పొగే రాని గుమ్మటాన్ని దెయ్యమనడం ఆ తల్లి ఒక్కదాని తెలివే కాదు. పట్టాలు పుచ్చుకున్నవారిదీ అదే వరస. అమ్మ ఒప్పుకోకపోతే పెళ్ళి లేదని కొడుకు చెప్పేశాడు. అధికారిణి వాదించలేదు. సందర్శకుల రోజున ఆవిడను తీసుకురమ్మంది.

ఆ ఉదయం పొగమంచు. గుమ్మటం కింది సగం మాయమై, పై సగం ఆకాశంలో తేలుతోంది. సందర్శకులు ఒక్కొక్కరే, ఒంటి మీద రేడియేషన్ ఉంటే మోగే తనిఖీ ద్వారం దాటుతున్నారు. తల్లి అందులో అడుగు పెట్టింది.

గంట మోగింది.

లోపలి నుంచి వస్తూ కాదు. ఇంకా లోపలికి పోకముందే.

వరుస చప్పుడు లేకుండా వెనక్కి జరిగింది. ఆమె చుట్టూ ఖాళీ నేల మరకలా పెరిగింది. ఎర్రదీపం ఆమె ముఖం మీద వెలిగి ఆరుతోంది.

అధికారిణి ఒక్కతే ముందుకు వచ్చింది. మీటరు పెట్టి చూసి, ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"ఈమధ్య ఆసుపత్రిలో సూదిమందు వేసి గుండెకు ఫొటో తీశారా అండీ?"

"నిన్ననే తీశారమ్మా."

"ఆ మందులో కాస్త రేడియేషన్ ఉంటుంది. అదే మోగింది. కొద్ది రోజుల్లో దానంతటదే పోతుంది."

తల్లి ఆ చేతిని తీసెయ్యలేదు. "అందరూ జరిగారు. నువ్వెందుకు జరగలేదు?"

"ఎంతుందో కొలిచాను కదండీ. కొలవనివాళ్ళు జరిగారు."

తల్లి మెల్లగా తల తిప్పింది. ఖాళీ నేలకు అవతలి అంచున, తక్కినవారితో పాటు, ఆమె కొడుకు నిలబడి ఉన్నాడు.

"కన్నకొడుకువి. పైగా ఇంజనీరువి. నువ్వూ జరిగావురా," అంది, కోపం లేకుండా. "ఈ పిల్లని చేసుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. నిన్ను చేసుకోవడానికి తనకేమైనా ఉందేమో, వచ్చి అడుగు."

అతను ఆ ఖాళీ నేల దాటి వచ్చి అడిగాడు. ఏమని అడిగాడో గంట మోతలో వరుసలోని ఎవరికీ వినపడలేదు. అధికారిణి మీటరును అతని ఛాతీ వైపు తిప్పి తీరిగ్గా చదివింది.

"ఏమీ లేదు. కాస్త పిరికితనం ఉంది," అంది తల్లితో. "దాని సంగతి నేను చూసుకుంటాను, అత్తయ్యా."