రెండో పలుకు ముందు చేరింది

భీమిలి రేవు బజారులో ఆ ఉదయం కూడా ఎప్పటిలాగే మూసిన నోళ్ళతో బేరాలు సాగుతున్నాయి. మనసులో కూర్చుకున్న మాటను గొంతుకు అంటించుకున్న పలుకుబిళ్ళ ఎదుటివాడి చెవిలో వినిపిస్తుంటే నోరు నొప్పించుకునేదెవరు? నోటితో మాట్లాడటం నడివీధిలో స్నానం చేయడంతో సమానమని బళ్ళో పిల్లలకు నేర్పుతున్నారు కూడా. అందుకే తవిటమ్మ వరుసల కేంద్రం గుమ్మంలో నిలబడి నోరు తెరిచి అరిచేసరికి బజారంతా బిగుసుకుపోయింది.

"జగ్గారావంటే ఎవుడు? బయటికి రమ్మను."

జగ్గారావు కేంద్రానికి పెద్ద ఇంజనీరు. ఊళ్ళో పుట్టిన ప్రతి పలుకూ అతని యంత్రాలగుండానే పోవాలి. జనం చూస్తున్నారని సిగ్గుపడి ఆమెను గబగబా లోపలికి తీసుకువెళ్ళాడు. ఆమె గొంతుకు బిళ్ళ లేదు. దాన్ని చెంగు ముడిలోంచి తీసి అతని బల్లమీద పడేసింది.

"దీన్ని పీకీసాను. నోటితో సెప్పు. నోరుంది కదా నీకు?"

"ఉందమ్మా. విషయం చెప్పండి." చాలాకాలానికి వాడిన గొంతు కాబట్టి కీచుగా వచ్చింది.

తవిటమ్మ రేవులో క్రేను నడుపుతుంది. తమ్ముడు ఎర్రయ్య కూడా అదే పనిలో ఉండేవాడు. ఎనిమిది నెలల క్రితం అతను కునికిపాట్లు పడి పెద్ద బరువును జారవిడిచాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, అధికారులకు ఆ సంగతి చెప్పింది సొంత అక్క. అతనికి క్రేను పని పోయింది. ఎర్రయ్య అలిగి సముద్రంలో తీగలు వేసే ఓడ ఎక్కాడు. ఓడ కదిలే వేళ ఆమె క్రేను గదిలోంచి తమ్ముడికి రెండు పలుకులు పంపింది. "తప్పు నువ్వు సేసి నామీద అలుగుతావా? ఇంక నీ మొహం సూడను" అన్నది మొదటిది. నాలుగు ఊపిర్ల తర్వాత, "కోపంలో అనీసాను. ఇంటికొచ్చీ ఎర్రిగా" అన్నది రెండోది. జవాబు రాలేదు. మొన్న సెలవులో వచ్చిన ఓడమనిషి ఒకడు అసలు సంగతి చెప్పాడు.

"ముందు ఇంటికి రమ్మందట, ఆ ఎనకే మొహం సూడనందట. పిలిసిమరీ తిట్టిందని ఎనిమిది నెలలుగా కుమిలిపోతన్నాడట ఆడు. నా మాటల్ని తిరగేసిందెవుడు?"

ఎవడో జగ్గారావుకు బాగా తెలుసు. కేంద్రంనుంచి పలుకులు బయటికి పోవడానికి పదహారు వరుసలున్నాయి. ఒక మనిషి పలుకులన్నీ ఒకే వరుసలో నిలబడాలి. ఆ వరుస కిక్కిరిస్తే మనిషిని ఖాళీ వరుసకు మార్చవచ్చు. కాని పాత వరుసలో ఆ మనిషి పలుకు ఒక్కటి మిగిలి ఉన్నా మార్చకూడదని పూర్వం ఒక నియమం ఉండేది. ఆ నిరీక్షణ దండగని జగ్గారావే నియమాన్ని తీసేశాడు. ఊరి మాటలు రెప్పపాటు ముందుగా చేరసాగాయి, అతనికి శాలువా కప్పారు. తవిటమ్మ తిట్టు కిక్కిరిసిన వరుసలో ఇరుక్కుంటే, పిలుపు ఖాళీ వరుసలోంచి ముందు దూసుకుపోయింది.

"అలా జరగదమ్మా" అన్నాడు శాలువా పరువు కాపాడుకుంటూ.

"సూపించు."

బిళ్ళలోని కాలాన్నీ, ఓడకు చేరిన కాలాన్నీ పక్కపక్కన పెట్టక తప్పలేదు. జరిగింది కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

"ఇది బయటపెట్టకండి. ఊళ్ళో ప్రతి తగాదా నా గుమ్మానికొస్తుంది."

"రానీ. ఏది ముందన్నానో రాసి, నీ ముద్రేసి మా తమ్ముడికి కాయితం పంపు. పంపకపోతే రోజూ ఈ గుమ్మంలోనే అరుస్తాను."

అప్పుడే ఓడలోని యంత్రంలో అచ్చయ్యేటట్టు పంపాడు. మంచితనంతో కాదు, ఆ గొంతుకు జడిసి.

మర్నాడు ఆమె మళ్ళీ వచ్చింది. వెనక్కి తీసుకెళ్ళిన బిళ్ళను జవాబు కోసం ఆ రాత్రి ఒక్కసారి పెట్టుకుందట. రెండు పలుకులు ఇంచుమించు ఒకేసారి చేరాయట. ఒకటి "వస్తాను", ఒకటి "రాను".

"ఏది ఎనకన్నాడు?"

"తెలీదమ్మా. అన్న కాలం అతని బిళ్ళలోనే ఉంటుంది. ఓడ పన్నెండు రోజుల్లో వస్తుంది, అప్పుడు చూడగలను. లేదా మీరే అతన్ని అడగండి."

"దీంతోనా? నా పిలుపుని తిట్టు సేసిన బిళ్ళతో మళ్ళీ పిలవమంటావా? ఇంక ఆడితో మాటంటే ఎదురుగా నిలబడి, నోటితోనే."

వాళ్ళింట్లో అలిగినవాణ్ణి పెద్దవాళ్ళే పిలవాలి. పిలవందే చిన్నవాడు గడప తొక్కడు. ముద్ర వేసిన కాగితమే తన పిలుపని తవిటమ్మ అనుకుంది. జగ్గారావుకు ఆ ఆనవాయితీ తెలియదు, తెలిసినా పట్టించుకునేవాడు కాదు.

పన్నెండో రోజు ఆమె జగ్గారావును రెక్క పట్టుకుని రేవుకు ఈడ్చుకొచ్చింది. రాననేదే ఆఖరి మాటయితే అది జగ్గారావు నోటినుంచే తను వినాలంది. మధ్యాహ్నానికి ఓడ ఆగింది. మనుషులు ఒక్కొక్కరే దిగారు. చివరికి వంటవాడు లచ్చన్న ఆమెను గుర్తుపట్టి దగ్గరకు వచ్చాడు. జేబులోంచి ఒక బిళ్ళ తీశాడు.

"మీవోడు నిన్న పారాదీపులో దిగిపోనాడమ్మా. ఆస్ట్రేలియా ఓడెక్కీసాడు. ఇంక దీంతో పన్లేదు, అక్కకిచ్చీమన్నాడు."

జగ్గారావు బిళ్ళను అందుకుని కాలం చూశాడు. చూసి దాన్ని లచ్చన్న చేతికే తిరిగి ఇచ్చేశాడు. చెప్పింది లచ్చన్నే.

"కాయితం సూసి ముందు రానన్నాడు. కాయితం పంపింది గాని తను పిలవలేదు కదా అని అలక. అంతలోనే మనసాగక వస్తానన్నాడు. పదకొండు రోజులు ఆ బిళ్ళ తియ్యకుండానే తిన్నాడు, తొంగున్నాడు. అక్క ఒక్కపాలి రమ్మంటే సాలన్నాడు. నువ్వొక్క మాటా అన్లేదు."

తవిటమ్మ జగ్గారావు చెయ్యి వదిలేసింది.

"ముందు రానని, ఎనక వస్తానన్నాడు" అంది. "ఎనక వస్తానన్నాడు బాబూ, ఇన్నావా?"