తేమ పోగా మిగిలింది

మా జిన్నింగ్ మిల్లు కాటా దగ్గర నాకు రెండే పనులు. పత్తి తూకం రాయడం, తేమ ఉందనిపిస్తే పది శాతం కోసేయడం. చిలకలూరిపేటలో, రెండు వేల మూడులో, నాలాంటి బీకాం వాడికి అంతకంటే ఏం ఇస్తారు లెండి.

ఆ రోజు సన్నగా చినుకులు. పట్టా కప్పిన పత్తి ట్రాక్టర్ మీంచి ఓ అమ్మాయి దూకింది, వెనకే వాళ్ల నాన్న యలమంద గారు దిగారు. నేను ఆమె కళ్లు చూస్తూ పత్తిలో చెయ్యి పెట్టి, "తేమ" అన్నాను. నాలుగొందల కేజీల్లో నలభై కోసి, మూడొందల అరవై రాశాను.

"తడిసింది మీ చెయ్యండి, పత్తి కాదు" అంది.

చూసుకుంటే నిజమే. చెయ్యి తుడుచుకుని మళ్లీ పెట్టాను. పత్తి పొడిగానే ఉంది. నా పరువే తడిసింది.

"సరే, తీసిన పది శాతం కలిపేస్తున్నా." మూడొందల అరవైకి ముప్ఫై ఆరు కలిపి, మూడొందల తొంభై ఆరని చీటీ ఇచ్చాను.

"మిగతా నాలుగు కేజీలేవి?"

"పది తీశాను, పది వేశాను. ఇంకేం కావాలండి?"

ఆమె నన్ను జాలిగా చూసింది. గేటు పక్కన పుల్లమ్మ బండి నుంచి ఇరవై మిరపకాయ బజ్జీలు తెప్పించింది, నా డబ్బులతోనే.

"యాభై శాతం తీసి నాన్నకివ్వండి."

పది ఇచ్చాను.

"ఇప్పుడు పళ్లెంలో ఉన్నవాటికి యాభై శాతం కలపండి."

పదిలో సగం ఐదు. యలమంద గారి దగ్గర ఐదు లాక్కుని కలిపాను. లెక్కపెడితే పదిహేను. మళ్లీ లెక్కపెట్టాను. పదిహేనే.

"మిగతా ఐదు?"

"నాన్న నోట్లో. మా నాలుగు కేజీల్లాగే."

చీటీ దిద్ది నాలుగు కేజీలూ రాసిచ్చాను. ఆమె పేరు బిందుమాధవి అని అప్పుడే తెలిసింది. మనసు అక్కడే పారేసుకున్నాను.

చేలో రెండో తీత పత్తి ఏరి తెచ్చినప్పుడు చెప్పలేకపోయాను. మూడో తీతే ఆఖరు, అదీ తెచ్చేశారు. ఇవాళ చెప్పకపోతే మళ్లీ వచ్చే ఏడు పత్తికే.

"మీరంటే నాకు నూటికి నూరు శాతం ఇష్టమండి."

"తేమ తీశాకా, ముందా?"

"తీశాకే. చెయ్యి కూడా తుడుచుకున్నాను."

ఆమె నవ్వలేదు. "మొదటి చూపులో మీరు నాకూ నచ్చారు. ఆ చీటీ చూశాక ఆ ఇష్టం యాభై శాతం తగ్గింది. నాలుగు కేజీలూ రాసిచ్చాక యాభై శాతం పెరిగింది. సరిపోయినట్టేగా?"

అవునందామని నోటిదాకా వచ్చింది. బజ్జీలు గుర్తొచ్చాయి.

"లేదండి. ఇంకా పాతిక తక్కువుంది."

అప్పుడు నవ్వింది. "నాన్నా, ఈయనకి లెక్కలొచ్చాయి" అని కేకేసింది.

యలమంద గారు బజ్జీల బండి దగ్గర నుంచే, "అయితే ఆ పాతిక పూడ్చుకోడానికి వాళ్ల పెద్దోళ్లని తీసుకుని ఇంటికి రమ్మను" అన్నారు.

పెళ్లి పీటల మీద నా చేతిలో చెయ్యి పెట్టి, బిందుమాధవి మెల్లగా, "తేమండి" అంది.

"కోసెయ్యకు" అన్నాను.