మైకు ముందు నాలుగో కుర్చీ

ఆ సాయంత్రం నాచారంలో కురిసిన వాన సంగతి చెబితే మీరు నమ్మరు. కప్పలు కూడా షేర్ ఆటో కోసం చెయ్యెత్తాయి. ఆ వానలో తడిసి ముద్దై, బడి నుంచి ఇల్లు చేరింది పద్మశ్రీ టీచరు.

గుమ్మంలోనే ఆగిపోయింది. కిటికీ పక్కన తన కుర్చీలో ఓ నల్లపెట్టె దర్జాగా కూర్చుని గుమ్‌గుమ్మంటోంది. నాయిన కొన్న హోమ్ థియేటర్ బిగించడానికి వచ్చిన ఓ కుర్రవాడు మోకాళ్ల మీద గోడవారగా పాకుతున్నాడు.

"ఏం పోయింది? ఉంగరమా, ఎలుకనా?"

తలెత్తిన కుర్రవాడు లేవడం మరిచిపోయాడు. "బేస్, గదే దడదడ సప్పుడు, ఏడ మంచిగ ఇనవడ్తదో దేవులాడుతున్న మేడం. మనం కూసునేకాడ పెట్టెను పెట్టి, మనం పాకాలె. మంచిగ ఇనవడ్డ జాగల పెట్టెను పెడ్తం."

"అంటే పెట్టె కుర్సీల, మనిషి కింద! మస్తుంది నీ నౌకరి. పేరేంది?"

"సబ్‌వూఫర్ మేడం."

"పెట్టెది కాదయ్యా, నీది!"

"జీవన్. ఉప్పల్ల మా షాపు."

పెట్టెకు ఓ మూల దొరికింది. తర్వాత జీవన్ మైకు తీశాడు. రిసీవర్ అనే యంత్రం కూస్తుంది, మైకు వింటుంది, ఆ గదికి తగ్గట్టు యంత్రమే శబ్దాన్ని సరిచేసుకుంటుంది. ఇంట్లోవాళ్లు కూర్చునే ప్రతిచోటా మైకు పెట్టాలి. ఆ కాసేపూ ఎవరూ నోరు మెదపకూడదు.

పద్మశ్రీ తల తుడుచుకుంటూ చూసింది. అతడూ చూశాడు. మధ్యలో మైకుకు చెమట పట్టింది.

ఆదివారం ఇంటిపెద్ద రాజయ్య సోఫాలో కూర్చుని సినిమా పెట్టాడు.

"డప్పు కనవడ్తుంది, సప్పుడేదే?"

"నా కాడైతే గుండెల రోలు దంచినట్టున్నది!" అంది మూలనున్న భార్య సారలమ్మ. ఆ దడకు చెంగిచెర్లలో ఓ గేదె పాలకు బదులు మజ్జిగే ఇచ్చింది. నమ్మకపోతే గేదెనే అడగండి.

"నాకు మంచిగనే ఉంది నాయినా," అంది కిటికీ పక్కనుంచి పద్మశ్రీ.

రాజయ్య కూతుర్ని లేపి ఆ కుర్చీలో కూర్చున్నాడు. డప్పు ముద్దుగా మోగింది. ఆయన మీసం లేచింది. జీవన్‌కు ఫోన్ వెళ్లింది; అతడు పరుగున వచ్చాడు.

"ఏం పిలగా! ఇంట్ల ముగ్గురముంటే, గీ ఒక్క కుర్సీకే ఎందుకు మంచిగుంది?"

జీవన్ నోటిదాకా వచ్చిన అబద్ధం పద్మశ్రీని చూసి వెనక్కి పోయింది. "మైకును ఆ కుర్సీ సుట్టే తిప్పిన అంకుల్. వేరే కుర్సీలు యాదికే రాలే. మీ బిడ్డంటే నాకిష్టం. మీరు వద్దంటే సామాన్ వాపస్ తీస్కపోత. మల్ల ఈ గల్లికి రాను."

పద్మశ్రీ గుండె సబ్‌వూఫర్‌తో పోటీకి దిగింది.

"వాపస్ సంగతి తర్వాత. ముందుగాల అందరి కుర్సీలు సూడు. పిల్ల ఒక్కదానికి మంచిగుంటే ఇల్లు నడుస్తదా?" అన్నాడు రాజయ్య.

"అయితే ఎవ్వరు మాట్లాడొద్దు అంకుల్."

యంత్రం కూయసాగింది. సోఫా అయింది, మూల అయింది, కిటికీ అయింది. పద్మశ్రీ పిల్లిలా వంటింట్లోకి వెళ్లి, ఓ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తన కుర్చీ పక్కన వేసింది. మైకు దీనికీ పెట్టమని జీవన్‌కు కళ్లతోనే చెప్పింది. అతడు పెట్టాడు.

రాజయ్య నోరు తెరిచాడు. సారలమ్మ పెదవి మీద వేలుంచి మైకును చూపించింది. పాపం, అరవాల్సిన అరుపులన్నీ గొంతులోనే పొంగి, గొంతులోనే చల్లారాయి.

కూత ఆగింది.

"అయిందా?"

"అయింది అంకుల్," అన్నాడు జీవన్ భయంభయంగా.

రాజయ్య నాలుగో కుర్చీని చూశాడు. దాని వెనక నిలబడ్డ బిడ్డను చూశాడు.

"ఏడ అయింది? రేపు మీ అమ్మ, నాయిన మాట్లాడనీకి వస్తే నేల మీద కూసుంటరా? ఇంకో రెండు కుర్సీలేసి సూడు!"