ఏసీ వెనకవైపు

మధ్యాహ్నం రెండు దాటింది. స్టెల్లా తలుపు గడియ పెట్టింది. కిటికీలు రెండూ మూసింది. పరుపు కింద నుంచి ఏసీ రిమోట్ తీసింది.

"ఎంతలో పెడతావ్?" అంది ఉషశ్రీ. ఆ పిల్లది స్టెల్లా క్లాసే. రెండు వీధుల అవతల ఉంటుంది. వేసవి సెలవుల్లో ఇంట్లో విసుగు పుడితే ఇక్కడికి వస్తుంది.

"ఇరవై ఏడు. అంతకంటే తగ్గించొద్దన్నాడు మా నాన్న."

"ఇరవై ఏడుకి ఏసీ ఎందుకే, విసనకర్ర చాలదా? మా ఇంట్లో పద్దెనిమిది."

స్టెల్లాకి చిన్నతనంగా అనిపించింది. బటన్ నొక్కుతూ పోయి పద్దెనిమిది దగ్గర ఆపింది. ఫ్యాన్ ఒకటి మీద పెడితే మెల్లగా తిరుగుతుంది, ఐదు మీద పెడితే గట్టిగా తిరుగుతుంది. అంకె తగ్గితే కరెంటూ తగ్గుతుంది కాబోలు అనుకుంది. అది నిజమో కాదో ఎవరినీ అడగలేదు. అడిగితే పగలు ఏసీ వేస్తున్న సంగతి బయటపడుతుంది.

వాళ్లది గుణదల కొండ కింద అద్దె ఇల్లు. స్టెల్లా నాన్న జాన్ పాల్ వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. యజమాని కొత్త ఏసీ కొనుక్కుని పాతది జాన్ పాల్‌కి ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదు, నెలనెలా జీతంలో కోసుకుంటున్నాడు. అందుకే ఇంట్లో దానికో నియమం ఉంది. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకానే. పగలు ముట్టుకోకూడదు.

అమ్మ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆస్పత్రిలో పని చేస్తుంది. ఐదింటికి గానీ రాదు. స్టెల్లా నాలుగున్నరకి ఏసీ ఆపేసి, కిటికీలన్నీ తీసి, చల్లదనం పోయేదాకా తలుపు దగ్గర నిలబడేది. మే నెలంతా అలాగే గడిచింది.

కింద రెండు పోర్షన్లు, ఒకటి స్టెల్లా వాళ్లది. రెండో దాంట్లో తెరేసమ్మ ఒక్కతే ఉంటుంది. స్టెల్లా ఆమెను మామ్మ అంటుంది. తెరేసమ్మ దోసెల పిండి రుబ్బి, కవర్లలో కట్టి అమ్ముతుంది. ఈస్టర్ తర్వాత ఒక టిఫిన్ బండికి కూడా పిండి పోస్తోంది. రోజూ మధ్యాహ్నం ఆమె గ్రైండర్ గరగరమంటూ తిరిగేది. ఆ చప్పుడు గోడ ఇవతలికి కూడా వినపడేది.

రెండు పోర్షన్లకీ మీటరు ఒక్కటే. వేరే మీటరు పెట్టించమంటే, మేడ మీద ఉండే ఇంటాయన వెంకటసుబ్బారావు రేపు మాపు అంటాడు. ఏసీ ఉంది కాబట్టి జాన్ పాల్ బిల్లులో మూడు వందలు ముందే తన వంతుగా తీసేవాడు. మిగతాది చెరిసగం. ఇన్నాళ్లూ ఎవరికీ పేచీ లేదు.

జూన్ మొదటి వారంలో బిల్లు వచ్చింది.

సాయంత్రం జాన్ పాల్ సైకిల్ స్టాండు వేస్తుండగానే ఇంటాయన మెట్లు దిగి కాగితం చేతిలో పెట్టాడు. "మీరూ మీరూ చూసుకోండి. నన్ను మధ్యలోకి లాగొద్దు" అన్నాడు.

పోయిన నెల రెండు వేల వంద. ఈ నెల నాలుగు వేల మూడు వందల నలభై.

జాన్ పాల్ కాగితాన్ని వీధి దీపం కిందకి తీసుకెళ్లి మళ్లీ చదివాడు. యూనిట్లు పెరిగితే యూనిట్ రేటు కూడా పెరుగుతుంది. అందుకే బిల్లు రెట్టింపు దాటింది. ఇంట్లోకి వచ్చి స్టెల్లా వైపు చూశాడు.

"పగలు ఏసీ గానీ వేశావా?"

"లేదు నాన్నా."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో స్టెల్లాకే తెలియలేదు. జాన్ పాల్ ఇంకోసారి అడగలేదు. కూతురు అబద్ధం చెబుతుందని ఆయన అనుకోలేదు. నేరుగా పక్క పోర్షన్‌కి వెళ్లాడు. స్టెల్లా తలుపు చాటున నిలబడింది.

"తెరేసమ్మగారూ, మీ గ్రైండరు రోజుకి ఎన్ని గంటలు తిరుగుద్దండీ?"

"గంట, గంటన్నర. ఏం బాబూ?"

"బిల్లు చూడండి. మా ఇంట్లో కొత్తగా వచ్చిందేమీ లేదు. ఏసీ ఎప్పట్లా రెండు గంటలే. పెరిగిందల్లా మీ పిండి వ్యాపారం."

తెరేసమ్మ కళ్లజోడు తెచ్చుకుని బిల్లు చూసింది. తర్వాత జాన్ పాల్ భుజం మీదుగా తలుపు చాటున ఉన్న స్టెల్లా వైపు చూసింది. స్టెల్లా తలుపు వెనక్కి జరిగింది.

"అంత తిరగలేదు బాబూ" అంది తెరేసమ్మ మెల్లగా.

"మరి గాలికి తిరిగిందా మీటరు? మీరు సంపాదించుకోండి, నాకేం ఏడుపు లేదు. నా పిల్ల నోటి దగ్గర కూడు తీసి మీ గ్రైండరుకి పెట్టలేను గదా."

తెరేసమ్మ బిల్లు మడిచి ఆయన చేతికి ఇచ్చేసింది.

"నా వంతెంత?"

"రెండు వేల ఇరవై."

"శనివారానికి ఇస్తాను. మళ్లీ ఆ కూడు మాట అనకు."

పోయిన నెల ఆమె కట్టింది తొమ్మిది వందలు.

ఆ రాత్రి అన్నం దగ్గర స్టెల్లా రెండు ముద్దలు తిని లేచింది. ఎండ దెబ్బేమోనని అమ్మ మజ్జిగ ఇచ్చింది. చెప్పేద్దామని మజ్జిగ తాగుతూ మూడుసార్లు అనుకుంది. నాన్న మొహం చూస్తే మాట రాలేదు. రేపు చెబుదాం అనుకుంది. రేపు కూడా అలాగే అనుకుంది.

శనివారం తెరేసమ్మ డబ్బు తెచ్చి ఇచ్చింది. లెక్క చూసుకోమంది. గడపలోకి రాలేదు.

ఆ తర్వాత గ్రైండర్ చప్పుడు వినపడలేదు. మధ్యాహ్నాలు వేరే చప్పుడు మొదలైంది. రాయి మీద రాయి దొర్లుతున్న చప్పుడు. కాసేపు వినపడేది. ఆగేది. చాలాసేపు ఆగేది. మళ్లీ మొదలయ్యేది.

నాలుగు రోజులు స్టెల్లా రిమోట్ ముట్టుకోలేదు. ఐదో రోజు ఉషశ్రీ వచ్చింది.

"మీ నాన్న కనిపెట్టలేదుగా?"

"లేదు. మామ్మ గ్రైండర్ వల్లే అనుకున్నాడు."

"అయితే ఇంకేం భయం? వెయ్యి. బయట పెనం మీద నడిచినట్టుంది."

స్టెల్లా ఒక్క నిమిషం ఆలోచించింది. వడగాలి కిటికీ రెక్కల్ని కొడుతోంది. రిమోట్ తీసి పద్దెనిమిది పెట్టింది. ఇద్దరూ మంచం మీద పడుకున్నారు. గది చల్లబడింది. గోడ అవతల రాయి దొర్లుతూనే ఉంది.

"ఏంటే ఆ గోల, బుర్ర తినేస్తోంది" అంది ఉషశ్రీ. "ఆవిణ్ని కాసేపు ఆపమని చెప్పొచ్చుగా."

స్టెల్లా లేచింది. ఆపమని చెప్పడానికే లేచిందో, మరెందుకు లేచిందో ఆమెకీ తెలియదు. తలుపు తీసుకుని పక్క సందులోకి వెళ్లింది.

రెండు పోర్షన్ల మధ్య ఆ సందు మూడడుగులు కూడా ఉండదు. తెరేసమ్మ వంటగది తలుపు అందులోకే తెరుచుకుంటుంది. స్టెల్లా వాళ్ల ఏసీ పెట్టె కూడా ఆ సందులోనే, గోడకి బిగించి ఉంది. ఏసీ తిరిగేటప్పుడు స్టెల్లా ఎప్పుడూ ఇటు రాలేదు. లోపల చల్లగా పడుకునేది.

సందులో అడుగు పెట్టగానే మొహం మీద పొయ్యి తెరిచినట్టయింది. పెట్టెలోంచి వేడి గాలి బుసకొడుతోంది. దాని ఎదురుగా, రెండడుగుల దూరంలో, తెరేసమ్మ పాత రుబ్బురోలు ముందు కూర్చుని ఉంది. చీర చెంగు తలమీద కప్పుకుంది. రెండు చేతులతో పొత్రం తిప్పుతోంది. నాలుగు తిప్పులకోసారి ఆగి కుడి భుజం పట్టుకుంటోంది.

"ఇక్కడెందుకు కూర్చున్నావు మామ్మా?"

"రోలు ఇక్కడుంది కాబట్టి. లోపలికి మోయడానికి ఎవరున్నారు నాకు?"

తెరేసమ్మ తల వెనక గోడకి మీటరు ఉంది. దాని మీద ఎర్ర చుక్క వెలిగి ఆరుతోంది. వెలిగి ఆరడం కాదు, గింజుకుంటోంది. స్టెల్లా దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత గబగబా లోపలికి వెళ్లి ఏసీ ఆపేసి వచ్చింది. పెట్టె ఒకసారి వణికి ఆగిపోయింది. ఎర్ర చుక్క మెల్లగా, తీరిగ్గా, ఒకసారి వెలిగింది. మళ్లీ వెలగడానికి చాలాసేపు పట్టింది.

స్టెల్లాకి ఫ్యాన్ అంకెలు గుర్తొచ్చాయి. ఏసీకి ఆ లెక్క కుదరదని అప్పుడు తెలిసింది.

"నీకు ముందే తెలుసా మామ్మా?"

"ఆ పెట్టె కొట్టేది నా గుమ్మంలోకే గదే. నెల రోజులు తలుపేసుకుని కూర్చున్నాను. ఎందుకు తెలీదు?"

"మరి నాన్నకి ఎందుకు చెప్పలా?"

తెరేసమ్మ పిండి వేలితో తీసి చూసింది. ఇంకా బరకగానే ఉంది. కాసిని నీళ్లు పోసింది.

"చెబితే నిన్ను కొడతాడు. నన్నయితే కొట్టడుగా" అంది. మళ్లీ పొత్రం అందుకుని, "నువ్వే చెబుతావనుకున్నా" అంది.

ఆ రెండో మాట దగ్గర స్టెల్లా ఏడ్చేసింది. తెరేసమ్మ దగ్గరికి తీసుకోలేదు. ఆమె చేతులకి పిండి ఉంది. పొత్రం తిప్పుకుంటూ ఉండిపోయింది.

సాయంత్రం నాన్న సైకిల్ దిగకముందే స్టెల్లా ఎదురు వెళ్లింది. రిమోట్ చేతిలో పెట్టింది.

"పగలు వేసింది నేను నాన్నా. నెలంతా. పద్దెనిమిదిలో. మామ్మ కాదు. ఇవాళ కూడా వేశాను."

జాన్ పాల్ చెయ్యి పైకి లేచింది. స్టెల్లా కళ్లు మూసుకుంది. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రిమోట్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఆవిణ్ని ఎన్ని మాటలన్నాను" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

లోపలికి వెళ్లి అమ్మ పెట్టెలోంచి వెయ్యి రూపాయలు తెచ్చాడు. స్టెల్లాని వెంటబెట్టుకుని పక్క గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"తప్పు మాదేనండీ. నోటికొచ్చింది అన్నాను. మీ దగ్గర ఎక్కువ తీసుకుంది మొత్తం ఇప్పుడు లేదు, ఇది ఉంచండి. మిగతాది జీతం రాగానే ఇస్తాను. రేపట్నుంచి మళ్లీ గ్రైండరు వేసుకోండి."

తెరేసమ్మ డబ్బు తీసుకుంది. ఎంచి, బొడ్లో దోపుకుంది.

"గ్రైండరు ఎక్కడిది బాబూ? పదిహేను వందలకి వన్ టౌన్‌లో పాత సామాన్ల కొట్టుకి ఇచ్చేశా. శనివారానికి రెండు వేలు ఎక్కణ్నుంచి వచ్చాయనుకున్నావు?"

జాన్ పాల్ ఆ కొట్టు ఎక్కడో అడిగి తెలుసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి ఆయన ఆ కొట్టుకి వెళ్లాడు. గ్రైండర్ తెచ్చిన రోజే ఎవరో కొనుక్కుపోయారట. కొత్తది ఐదు వేల పైన ఉంది. ఆ సంగతి అమ్మకి ఫోన్ చేసి చెప్పాడు. టిఫిన్ బండి వాడు కూడా పిండి వేళకి అందడం లేదని వేరే చోట చూసుకున్నాడు.

అదే సమయానికి గుణదలలో ఉషశ్రీ వచ్చి తలుపు కొట్టింది. ఎవరూ తీయలేదు. సందులో చప్పుడు విని అటు తొంగి చూసింది. ఏసీ పెట్టె ఆగి ఉంది. రోలు ముందు స్టెల్లా కూర్చుని ఉంది. పక్కన పీట మీద తెరేసమ్మ భుజానికి జండూబామ్ రాసుకుంటోంది.

"ఇక్కడేం చేస్తున్నావే? ఏసీ పాడైందా?"

"లేదు, బాగానే ఉంది."

"మరి రా. చచ్చే ఎండ."

"నువ్వెళ్లు. ఈ పప్పు రుబ్బాలి."

ఉషశ్రీ చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది.

పొత్రం చాలా బరువు. రెండు తిప్పులకే స్టెల్లా అరచేతులు ఎర్రబడ్డాయి. తెరేసమ్మ ఆ చేతుల వైపు చూసింది.

"చాల్లే, లే" అంది.

స్టెల్లా లేవలేదు. చేతులు గౌనుకి తుడుచుకుంది. రోలు అంచున నిలిచిన పప్పుని వేళ్లతో లోపలికి తోసి, మూడో తిప్పు మొదలుపెట్టింది.